ఇంట్లో డేకేర్ లైసెన్స్: ముందు పూజ గూడు, మందుల డబ్బా సంగతి చూడండి

హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నాను, అద్దె ఇంట్లో స్నేహితుల పిల్లల్ని చూసుకుని డబ్బులు తీసుకోవాలంటే లైసెన్స్ కావాలా అని అడిగారు కదా. ఒక్క కుటుంబం పిల్లల్నే చూసుకుంటే కాలిఫోర్నియాలో లైసెన్స్ అక్కర్లేదు, రెండో కుటుంబం పిల్లలు వచ్చారంటే కావాలి. మీరు ఇద్దరు స్నేహితుల పిల్లలు అన్నారు కాబట్టి తీసుకోవాల్సిందే. ఈఏడీ (పని చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు) ఉందన్నారు, మంచిది. అది లేకుండా హెచ్4 మీద డబ్బులు తీసుకోవడం కుదరదు, ఇంట్లోనే కదా అనుకోవద్దు.

అద్దె ఇల్లని భయపడకండి. 2020 నుంచి ఉన్న చట్టం ప్రకారం ఓనరు వద్దనడానికి లేదు, 30 రోజుల ముందు రాసి తెలియజేయాలి అంతే. చిన్న లైసెన్స్ మీద ఆరుగురిని చూసుకోవచ్చు, అందులో రెండేళ్ల లోపు వాళ్లు ముగ్గురికి మించకూడదు, అందరూ పసివాళ్లే అయితే నలుగురే. పదేళ్ల లోపు మీ సొంత పిల్లలు కూడా ఈ లెక్కలోకి వస్తారు, నేను మా అమ్మాయిని కలపకుండానే అందరికీ సరే అనేసి తర్వాత ఒకావిడకి సారీ చెప్పుకున్నాను.

కాగితాల పని విసుగే కానీ కష్టం కాదు: ఓరియంటేషన్ (నియమాలు చెప్పే క్లాసు), పిల్లల సీపీఆర్ (ఊపిరి, గుండె ఆగితే చేసేది), ఫస్ట్ ఎయిడ్ క్లాసు, టీబీ పరీక్ష, టీకాల వివరాలు. వేలిముద్రలు మీ ఒక్కరివే కాదు, ఇంట్లో ఉండే 18 దాటిన వాళ్లందరివీ. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారని చెప్పగానే ఆవిడవీ అడిగారు, "నేనేం దొంగతనం చేశాను" అని ఆవిడ రెండు రోజులు అలిగారు. ఇంకోటి, విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లని డేకేర్ పనిలో సాయానికి పెట్టుకోకండి, అదీ ఉద్యోగం కిందికే వస్తుంది.

నాకు అసలు దెబ్బ లైసెన్స్ ఆఫీసు వాళ్లు ఇల్లు చూడటానికి వచ్చిన రోజు తగిలింది. వంటింట్లో బుజ్జి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని ధీమాగా ఉన్నాను, ఇది చాలదు, 2ఏ-10బీసీ కావాలన్నారు. ఏ రకం మంటని, ఎంత మంటని ఆర్పగలదో చెప్పే గుర్తు అది, సిలిండర్ మీదే ఉంటుంది, కొనేటప్పుడే చూసుకోండి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం నొక్కి మోగించారు, మెట్లకి గేటు ఉందా, సింకు కింద అరకి తాళం ఉందా అని చూశారు. అన్నీ సరిపోయాయనుకునేసరికి పూజ గూడు దగ్గర ఆగారు. అగ్గిపెట్టె, నూనె సీసా, కర్పూరం డబ్బా, అన్నీ పిల్లల చేతికి అందే ఎత్తులోనే! కర్పూరం కొంచెం మింగినా చిన్నపిల్లలకి ఫిట్స్ వస్తాయని నాకు అంతవరకూ తెలియదు, తెల్లగా పటికబెల్లంలా ఉంటుంది కదా మరి. పక్కనే అత్తగారి బీపీ మాత్రల డబ్బా. అన్నీ పై అరలో పెట్టి తాళం వేశాక ఇంకోసారి వచ్చి చూసి వెళ్లారు, మూడు వారాలు పోయాయి.

లైసెన్స్ వచ్చాక నిద్ర నియమాలు మాత్రం మన వాళ్లతో తలనొప్పి. పసిపిల్లల్ని వెల్లకిలానే పడుకోబెట్టాలి, తొట్టిలో దుప్పటీ దిండూ ఏమీ ఉండకూడదు, 15 నిమిషాలకోసారి చూసి రాసుకోవాలి. ఒక బాబు తల్లి, వాళ్లమ్మ కుట్టి పంపిన ఆవాల దిండు తెచ్చింది, తల గుండ్రంగా వస్తుందట. సాయంత్రం అదే సంచిలో తిరిగిచ్చేశాను. వారం రోజులు ముభావంగా ఉంది గానీ బాబుని మాత్రం మాన్పించలేదు.