వాయిస్‌కి ప్రయారిటీ ఇచ్చినా రూటర్‌లో ఎందుకు ఆగుతుంది?

"వాయిస్ ప్యాకెట్లకు (ఫోన్ మాటలు మోసే చిన్న డేటా ముక్కలకు) ప్రయారిటీ ఇచ్చాం, వెళ్లే పోర్టూ ఖాళీయే. అయినా ఆలస్యం ఎందుకు?" అని మీరు అడిగారు.

విజయవాడ బెంజి సర్కిల్ తెలుసుగా? ఫ్లైఓవర్ కాసేపు లేదనుకోండి. వారధి వైపు నుంచి అందరూ ఒకే వరసలో వస్తున్నారు. ముందున్న లారీ కుడికి, పటమట వైపు తిరగాలి, అటు జామ్. వెనకున్న ఆటోకి రామవరప్పాడు దారి ఖాళీయే, కానీ కదల్లేదు. ఇదే హెడ్ ఆఫ్ లైన్ బ్లాకింగ్.

రూటర్లోనూ ఇంతే. పెద్ద రూటర్లో లైన్ కార్డుల (పోర్టులుండే కార్డుల) మధ్య ప్యాకెట్లను మోసేది స్విచ్ ఫ్యాబ్రిక్. ఇన్‌పుట్ దగ్గర ఒక్కటే క్యూ ఉంటే, ట్రాఫిక్ అన్ని పోర్టులకూ సమానంగా పంచినా సామర్థ్యంలో 58.6 శాతం దగ్గరే ఆగిపోతుందని 1987లోనే లెక్కగట్టారు. అందుకే ప్రతి ఇన్‌పుట్‌లోనూ ఒక్కో అవుట్‌పుట్‌కి, అందులో మళ్లీ ఒక్కో ప్రయారిటీకి విడి క్యూ పెడతారు. పేరు వర్చువల్ అవుట్‌పుట్ క్యూ. చాలా డిజైన్లలో అవతలి పోర్టు క్రెడిట్, అంటే "చోటుంది, పంపు" అనే అనుమతి, ఇస్తేనే ప్యాకెట్ ఫ్యాబ్రిక్‌లోకి దిగుతుంది. రద్దీ లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడుతుంది.

వాయిస్‌కి మామూలుగా డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద ప్రయారిటీ చెప్పే అంకె) 46 గుర్తు వేస్తారు, ఆ క్యూని ముందు ఖాళీ చేస్తారు. దానికి హద్దు పెట్టకపోతే మిగతా క్యూలకు పస్తులే. మా ఆఫీసులో ఒకసారి ఎవరో సీసీ కెమెరాలకూ 46 వేశారు. వాయిస్ క్యూ వీడియోతో నిండిపోయి, ఆ రోజు ఫోన్లో "హలో, హలో" తప్ప ఇంకేం వినపడలేదు.

బఫర్ (ప్యాకెట్లు ఆగే మెమరీ) నిండకముందే కొన్ని ప్యాకెట్లు పారేసే రెడ్ (RED) పద్ధతి, ప్యాకెట్ పోతే వేగం తగ్గించుకునే టీసీపీకి పనికొస్తుంది. వాయిస్ అలా తగ్గదు, ఆ క్యూలో రెడ్ పెట్టడం దండగ.

మీ కేసులో ముందు ఇన్‌పుట్ కార్డులో డ్రాప్ కౌంటర్లు (ఎన్ని ప్యాకెట్లు పారేసిందో చెప్పే లెక్కలు) చూడండి. చాలామంది అవుట్‌పుట్ పోర్టు ఒక్కటే చూసి వదిలేస్తారు.