నువ్వుగింజంత చిప్ప గురించి మొదటి పేపర్ రాస్తున్న అమ్మాయికి

అమ్మలూ,

సముద్రం అడుగున దొరికిన చిప్పని కొత్త స్పీషీస్ అంటూ నువ్వు రాసిన డ్రాఫ్ట్ మొన్న రాత్రి కరెంట్ పోయినప్పుడు ఫోన్‌లోనే చదివేసా, పొద్దున్న ప్రింట్ తీయించుకుని పెన్సిల్ పట్టుకుని మళ్ళీ చదివా, పెరంబూర్ ఉక్కపోతకి నిద్ర ఎలాగూ పట్టదులే. బావుంది అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు కానీ నువ్వడిగింది అది కాదు కదా.

ముందు నచ్చింది చెప్తా. ముక్కు కొనలో ఉండే ప్రొడిసోకాంక్, అదే లార్వా నాటి బుల్లి చిప్ప, దాన్ని కూడా ఎస్‌ఈఎంలో, అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో, కొలిచి మైక్రాన్లలో ఇచ్చావ్. పెద్దపెద్దోళ్ళే బద్ధకించి వదిలేస్తారు దాన్ని.

ఇక తిట్లు. మొదటి పేరాలోనే "ముత్యంలా మెరిసే అందమైన చిప్ప" అన్నావ్. ఆ మెరుపు దీనొక్కదానిదే కాదు తల్లీ, లోపల నేకర్, అదే ముత్యపు పూత, ఉండటం దీని ఫ్యామిలీ న్యూక్యులిడే వాళ్ళకి ఇంటిపేరు లాంటిది, పేరు దగ్గరగా ఉన్న న్యూక్యులానిడే ఫ్యామిలీకి అది ఉండదు. ఇంటిపేరు చెప్తే మనిషి తెలీదుగా. టెన్త్ సర్టిఫికెట్లో పుట్టుమచ్చల గడి ఉంటుంది చూడు, పేపర్లో డయాగ్నోసిస్, అదే మిగతావాటి నుంచి వేరుచేసే గుర్తులు, అంటే అదీ, అక్కడ ఎవరూ "రెండు కళ్ళు, చామనఛాయ" అని రాయరు. ఇంకా ఘోరం ఏంటంటే కింది అంచు నున్నగా ఉందా సన్నటి గాట్లున్నాయా అన్న మాట నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు! ఈ ఫ్యామిలీలోనే న్యూక్యులా జీనస్‌కి గాట్లుంటాయి, ఎన్న్యూక్యులా జీనస్‌కి నున్నగా ఉంటుంది. నీ ఫొటోలో నాకు నున్నగానే కనిపిస్తోంది, మరి టైటిల్లో న్యూక్యులా అని ఏ ధైర్యంతో పెట్టావో.

ముందూ వెనకా కూడా తారుమారైంది. చాలా ఆల్చిప్పల్లో ముక్కు ముందుకి తిరిగి ఉంటుంది, క్లాసులో చెప్పేదీ అదే, కానీ ఈ ఫ్యామిలీకి వెనక్కి తిరిగి ఉంటుంది, పొడుగ్గా ఉన్నవైపే ముందు. అది తప్పితే కుడి చిప్ప ఎడమైపోతుంది, రెండు చిప్పలు కలిసే కీలు మీదుండే ముందు పళ్ళ లెక్క వెనక పళ్ళకి పోతుంది, ఇంక చూస్కో.

పళ్ళంటే గుర్తొచ్చింది, నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. మొదటి స్పీషీస్ రాసినప్పుడు నా దగ్గరున్నది ఒకే ఒక్క శాంపిల్, రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, హింజ్, అదే ఆ కీలు, మీద ముందు ఐదు పళ్ళు వెనక మూడు, ఇంత తక్కువ ఇంకెవరికీ లేవని గంతులేసి పంపించేసా, అచ్చయింది, ఇంట్లో స్వీట్లు కూడా పంచారు. కొన్నేళ్ళకి వేరే ఆయనెవరో చిన్నవి మధ్యవి పెద్దవి వరసగా పేర్చి చూపించాడు, చిప్ప పెరిగేకొద్దీ పళ్ళూ పెరుగుతాయి, నేను కొత్తదన్నది ఎప్పట్నుంచో పేరున్న ఓ చిప్ప తాలూకు పిల్లది! నేను పెట్టిన పేరు ఇప్పుడు సినానిమ్‌ల, అంటే ఒకే జీవికి తర్వాత పెట్టిన చెల్లని పేర్ల, లిస్టులో పడుంది. అందుకే "పళ్ళు 7+4" అని ఉత్తినే రాయకు, ఎంత పొడుగున్న చిప్పలో అన్ని పళ్ళో పక్కనే రాయి. నీ దగ్గర పదకొండున్నాయిగా, పదకొండింటికీ టేబుల్ వెయ్యాల్సిందే.

రిమార్క్స్‌లో "మిగతా అన్నిటికంటే భిన్నం" అన్నావ్. అన్నీ అంటే ఏవమ్మా? బంగాళాఖాతం, అండమాన్ లోతుల్లోంచి ఇన్వెస్టిగేటర్ ఓడ తీసిన చిప్పల గురించి ఎడ్గార్ స్మిత్ లండన్‌లో కూర్చుని రాసాడు, 1898-99లో వాల్డివియా ఓడ తెచ్చినవాటి గురించి థీలే, యేకెల్ 1931లో జర్మన్‌లో రాసారు. ఈ రెండూ తిరగెయ్యకుండా హిందూ మహాసముద్రం అడుగు చిప్పని కొత్తదని అనకు. పాత బొమ్మల్ని చూసి పోల్చడం కూడా వద్దు, టైప్, అంటే ఆ పేరుకి ఆధారమైన అసలు శాంపిల్, దాని ఫొటో కావాలని మ్యూజియంకి మెయిల్ పెట్టు, లేటైనా పర్లేదు. అవొచ్చాక ఒక్కోదాని గురించీ దానికుండి దీనికి లేనిదేంటో, దీనికుండి దానికి లేనిదేంటో రాయి, ఆ సెక్షన్ పెద్దదైతే ఎవరూ ఏమనరు. యాభై ఏళ్ళ తర్వాత ఎవరో ఓ డబ్బా ముందేసుకుని కూర్చున్నప్పుడు వాళ్ళు ముందు వెతికేది అదే.

పేరు సంగతి. ఊళ్ళ పేర్లకి చివర ఎన్సిస్ తగిలించి పెట్టే పేర్లు విని విని విసుగొచ్చింది నాకు. అమ్మమ్మ పేరు పెట్టాలనుంటే చివర 'ఏ' వస్తుంది, మగాళ్ళకైతే 'ఐ'. విశేషణమైతే జీనస్ లింగాన్ని బట్టి మారాలి, నామవాచకమైతే మార్చక్కర్లేదు, ఆ మాట ఎటిమాలజీలో, అదే పేరు ఎలా వచ్చిందో చెప్పే ముక్కలో, స్పష్టంగా రాసెయ్. నన్నడిగితే 'నువ్వు' అనే పెట్టేస్తా, సైజు అంతే కదా, అందులో ఇంకో అర్థం కూడా ఉందని రివ్యూయర్‌కి ఏం తెలుస్తుంది.

హోలోటైప్, అంటే నీ పేరుకి ఆధారంగా నిలిచే ఆ ఒక్క శాంపిల్, ఏదో, ఏ కలెక్షన్‌లో ఉందో రాయకపోతే పేరే చెల్లదు. మన 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం దాన్ని గుర్తింపు పొందిన రిపాజిటరీలో, అంటే శాంపిల్స్ భద్రపరిచే చోట, ఇవ్వాలి, మనకైతే జెడ్‌ఎస్‌ఐ, అదే జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే జర్నల్ అయితే జంతువుల పేర్లు నమోదు చేసే జూబ్యాంక్‌లో రిజిస్ట్రేషన్ ముందే చేయించి ఆ వివరం పేపర్లోనే ఉండేలా చూడు, 2012 నుంచి అదీ రూలు.

ఆదివారం ఇంటికి రా. చిప్పల్ని దూదిలో చుట్టి తేకు, పోగులు పళ్ళకి పట్టుకుని విరిగిపోతాయి, ఖాళీ క్యాప్సూల్స్‌లో వేసి తీసుకురా. చెక్క డబ్బా అస్సలు వద్దు, చెక్కలోంచి వచ్చే యాసిడ్ ఆవిరి ఈ చెన్నై తేమలో చిప్పని తినేసి తెల్ల పొడి చేసేస్తుంది. ఆ పదకొండులో అన్నిటికంటే బుల్లిది మర్చిపోకు, దాని పళ్ళు నేనే ఓసారి లెక్కపెట్టాలి.