బిల్లు చేతిలో పెట్టుకుని చదువు

నాయనా, ఆశీస్సులు.

ఎస్వీయూలో ఎంబీఏ సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పింది. బీఎస్సీ చదివినవాడివి, అకౌంట్స్ ఎట్లా ఎక్కుతాయోనని దిగులుపడుతున్నావట. దిగులేమీ వద్దుగానీ, చదివే తీరు మాత్రం మొదటి నెలలోనే మార్చుకో.

నోట్సు పదిసార్లు తిరగేస్తే అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. పరీక్ష హాల్లో తెల్ల కాగితం ముందు పెట్టేసరికి చెయ్యి ఆడదు. కంటికి అలవాటైన పేజీ వేరు, బుర్రలోంచి బయటికి తీయగలిగేది వేరు. అందుకని 45 నిమిషాలు చదివాక పుస్తకం మూసి, పది నిమిషాలు గుర్తున్నదంతా రాయి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చు. నువ్వు మళ్లీ చదవాల్సింది ఆ ఎర్ర రాతలే. మర్నాడు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి ఇట్లాగే ఖాళీ కాగితం మీద రాసి చూసుకో.

లెక్కల్లో ఇంకా జాగ్రత్త. చేసిపెట్టిన లెక్క చూసి అర్థమైందనుకుంటే మోసపోతావు. జవాబు మూసిపెట్టి సొంతంగా చెయ్యి. ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిచూసే పట్టిక, కలవకపోతే అంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టకు. తేడా 3,000 వచ్చిందనుకో, 1,500 అంకె ఎక్కడుందో వెతుకు, అది డెబిట్‌కి బదులు క్రెడిట్‌లో పడి ఉండొచ్చు. తేడా 9తో నిశ్శేషంగా పోతుంటే అంకెలు తారుమారయ్యాయేమో చూడు: 7,260ని 7,620గా ఎక్కిస్తే 360 తేడా వస్తుంది. ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో, కలిసినంత మాత్రాన తప్పు లేనట్టు కాదు. కొట్లో వాడుకోవడానికి కొన్న ఫ్రిజ్‌ను సరుకు కొనుగోళ్లలో రాసినా రెండు వైపులా కలుస్తాయి, లాభం మాత్రం తప్పుగా తేలుతుంది. ఇంటర్వ్యూల్లో దీన్ని తరచూ అడుగుతారు.

ఇక ఉద్యోగం సంగతి. దానికోసం చివరి సెమిస్టర్ దాకా ఆగొద్దు. ఒక నిజమైన జీఎస్టీ బిల్లు తెచ్చుకో. దాని మీదున్న 15 అక్షరాల జీఎస్టీ నంబరు చూడు. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: మన ఆంధ్రకు 37, తమిళనాడుకు 33, కర్ణాటకకు 29. తర్వాతి పది పాన్ నంబరు. చిత్తూరు జిల్లావాళ్లకు రెండు రాష్ట్రాల సరిహద్దు పక్కనే ఉంది కాబట్టి ఈ పాఠం ఇంటి గడపలోనే ఉన్నట్టు. 18 శాతం పన్నున్న 10,000 రూపాయల సరుకును చిత్తూరు నుంచి తిరుపతికి అమ్మితే కేంద్రం వాటా సీజీఎస్టీ 900, రాష్ట్రం వాటా ఎస్జీఎస్టీ 900. అదే సరుకును తమిళనాడులోని వేలూరికి అమ్మితే, రాష్ట్రం దాటింది కాబట్టి ఐజీఎస్టీ 1,800. మొత్తం ఒకటే అయినా తప్పు ఖాతాలో పడితే సరిదిద్దుకోవడానికి నానా తిప్పలు.

నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు అమ్మకాల వివరాల జీఎస్‌టీఆర్-1 మరుసటి నెల 11లోపు, పన్ను కట్టే 3బీ 20లోపు. అమ్మినవాడు జీఎస్‌టీఆర్-1 వేయకపోతే, కొన్నవాడికి జీఎస్టీ పోర్టల్ ఇచ్చే కొనుగోళ్ల జాబితా 2బీలో ఆ బిల్లు కనపడదు, కొన్నప్పుడు కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకునే క్రెడిట్ ఆగిపోతుంది. ఆ 2బీ 14న తయారవుతుంది, అందుకే అకౌంట్స్ సెక్షన్లో ఆ తేదీ తర్వాత అంత హడావిడి. ఈ గొలుసు నోటితో చెప్పగలిగే పిల్లలు తక్కువ.

తర్వాత ఎక్సెల్. 200 బిల్లులు స్వయంగా ఎక్కించి, ఊరివారీగా సమ్‌ఇఫ్స్ (SUMIFS) అనే కూడిక ఫార్ములాతో, ఆపైన వివరాలను గుంపులుగా కూడి చూపే పివట్ టేబుల్‌తో మొత్తాలు తీయి, రెండూ కలవాలి. ఒక పట్టికలోంచి విలువ వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాలో చివర 0 పెట్టడం మరిచిపోకు. పెట్టకపోతే సరిగ్గా అదే కాక వేరే విలువను తెచ్చేయొచ్చు, తప్పని చెప్పదు కూడా. అంకెలు గడిలో ఎడమవైపు అంటుకుని కనపడితే అవి అంకెలుగా కాక అక్షరాలుగా పడ్డాయేమో చూడు, అట్లా పడితే కూడికలోకి రావు. పేరు వెనక ఖాళీ ఉంటే దాన్ని తీసేసే ట్రిమ్ (TRIM) ఫార్ములా వాడు.

శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల్లో చేరాలంటే పర్చేజ్ ఆర్డర్, సరుకు అందిన రసీదు, సప్లయర్ బిల్లు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి సరిచూడడం నేర్చుకో. ఆర్డర్ 100 బస్తాలు, అందింది 96, బిల్లు 100కి వచ్చింది. ఎన్నింటికి డబ్బు కట్టాలి, మిగతా నాలుగింటికి ఏ కాగితం అడగాలి? 96కే కట్టి, నాలుగింటికి క్రెడిట్ నోట్, అంటే బిల్లు మొత్తం తగ్గించినట్టు సప్లయర్ ఇచ్చే కాగితం, అడగాలి.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. "ఎంఎస్ ఆఫీస్ వచ్చు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "200 బిల్లులతో ఊరివారీ అమ్మకాల నివేదిక తయారుచేశాను" అని రాయి, ఆ ఫైల్ దగ్గర పెట్టుకో. నీకు తమిళం వచ్చు కదా, అదీ రాయి. ఇక్కడి డిస్పాచ్ పనుల్లో చాలా పనికొస్తుంది.

ఈ ఆదివారమే మీ వీధి కొట్టాయన్ని అడిగి ఒక నెల పాత బిల్లుల జిరాక్స్ తెచ్చుకో. కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టేశాకే ఎక్సెల్ మొదలుపెట్టు. ఎక్కడైనా ఆగిపోతే ఆ బిల్లు ఫోటో నాకు పంపు, రాత్రి తొమ్మిది తర్వాత మాట్లాడదాం.

మీ మామయ్య