పెద్ద స్కానర్‌లో కెమెరాల అతుకు దగ్గర గీత మెట్టు పడుతుంటే

గుంటూరు అరండల్‌పేటలో మీ షాపులోని 36 అంగుళాల నాలుగు కెమెరాల స్కానర్‌లో విలేజ్ మ్యాపులు పెడితే 9, 18 అంగుళాల దగ్గర అడ్డగీతలు మెట్టులా తెగుతున్నాయని, కాలిబ్రేషన్ (కొలత షీటు పెట్టి కెమెరాలని సరిచేయడం) రెండుసార్లు చేసినా పోలేదని రాశారు. మూడోసారి చేయకండి. ముందు తప్పు కాగితానిదో కెమెరాదో తేల్చుకోండి.

అదే మ్యాపుని నాలుగంగుళాలు పక్కకి జరిపి మళ్లీ స్కాన్ చేయండి. మెట్టు మ్యాపుతోపాటు జరిగితే అది కాగితం మడతే. 9, 18 దగ్గరే ఉండిపోతే కెమెరాల అతుకు, అంటే పక్కపక్క కెమెరాల బొమ్మలు కలిసే చోటు. నాలుగు కెమెరాలకి అతుకులు మూడు. 27 దగ్గర శుభ్రంగా ఉండి మొదటి రెండే చెడ్డాయంటే అనుమానం రెండో కెమెరా మీదే, ఆ రెండు అతుకుల్లోనూ ఉన్నది అదొక్కటే కదా.

మెట్టుకీ జంట గీతకీ తేడా ఉంది. అడ్డగీత మెట్టు పడితే కెమెరా కాగితం నడిచే దిశలో కదిలిందని. అతుకు మీద అక్షరం సగం మాయమైనా, రెండుసార్లు పడినా చాలాసార్లు కాగితం గాజుకి ఆనకపోవడమే కారణం. పక్కపక్క కెమెరాలు ఆ చోటుని చెరో కోణం నుంచి చూస్తాయి, కాబట్టి కాగితం కాస్త లేచినా రెండు బొమ్మలూ కలవవు. గుడ్డ అతికించిన పాత మ్యాపులతో ఈ గోల ఎప్పుడూ ఉండేదే. దానికి కాలిబ్రేషన్ మందు కాదు, మ్యాపుని ఒక రాత్రి బరువు కింద పెట్టండి.

పరీక్షకి కాగితం వద్దు, వానాకాలం మన దగ్గర తేమకి సాగుతుంది. మ్యాట్ పాలియెస్టర్ ఫిల్మ్ మీద సన్నటి అడ్డగీతలు, ఏటవాలు గీతలు, 100 మి.మీ.కి ఒక ప్లస్ గుర్తు ప్లాట్ చేయించండి. ప్లాటర్‌ని నమ్మకండి, స్టీలు స్కేలుతో కొలిచి అసలు దూరం షీటు అంచున రాసుకోండి. 600 డీపీఐలో (అంగుళానికి 600 పిక్సెల్స్) గ్రేగా స్కాన్ చేసి, టిఫ్ ఫైలుగా సేవ్ చేయండి. డెస్క్యూ (వంకరని దానంతటదే సరిచేసే సెట్టింగ్) ఆపేయండి. బ్లాక్ అండ్ వైట్‌లో చిన్న మెట్లు కనబడవు. ఒక పిక్సెల్ తేడా పట్టించుకోనక్కర్లేదు. నాలుగు పిక్సెల్స్ అంటే 0.17 మి.మీ., అంటే మైలుకి 16 అంగుళాల మ్యాపులో, 1:3960 స్కేలు మీద, నేలపై దాదాపు 67 సెం.మీ. సర్వేయర్ ఒప్పుకోడు.

ఇప్పుడు కాలిబ్రేషన్. ఫ్లోరసెంట్ దీపాల మోడల్ అయితే మిషన్‌ని గంటసేపు వేడెక్కనివ్వండి, ఎల్ఈడీకైనా అరగంట. ఏసీలో పనిచేసే మిషన్‌ని ఏసీ వేసే కాలిబ్రేట్ చేయాలి. గాజునీ, పైనున్న తెల్ల ప్లేట్లనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలు రాలని గుడ్డతో తుడవండి, నేరుగా గాజు మీద పోయకండి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఏడవాలి: తెలుపు కొలిచే సమయంలో ఉన్న దుమ్మురేణువుని మిషన్ చీకటి చోటుగా గుర్తుపెట్టుకుని, రేణువు పోయాక ప్రతి స్కాన్‌లోనూ అక్కడ తెల్లటి గీత పెడుతుంది. నల్ల గీత వస్తే మాత్రం దుమ్ము తర్వాత వచ్చి కూర్చున్నదే.

కాలిబ్రేషన్ షీటు మీ మోడల్‌దే, కంపెనీ ఒరిజినలే వాడండి. దాని జిరాక్స్ వాడితే ఆ జిరాక్స్ తప్పులన్నీ కెమెరాలకి నేర్పినట్టే. మడవకుండా గొట్టంలో సిలికాజెల్ పొట్లంతో దాచండి.

పొడవు వేరే సంగతి. కాగితం నడిచే దిశలో 600 డీపీఐకి 1000 మి.మీ.కి 23,622 పిక్సెల్స్ రావాలి. 23,645 వస్తే దాదాపు ఒక మి.మీ. తేడా, అది రోలర్ అరుగుదల వల్లో జారడం వల్లో వచ్చేది, ఫీడ్ స్కేల్ (పొడవు సరిచేసే) సెట్టింగ్‌లో దిద్దుకోవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా ఫిల్మ్ మీద 9, 18 దగ్గర మెట్టు ఉంటే, రెండో కెమెరా సాఫ్ట్‌వేర్ సరిదిద్దే హద్దు దాటి కదిలిపోయింది. దాని స్క్రూలు మీరు ముట్టుకోకండి. ఆ ఫిల్మ్ స్కాన్ టిఫ్‌ని సర్వీసు ఇంజనీరుకి ముందే పంపండి, ఏ కెమెరా విప్పాలో తెలిసి వస్తాడు.