టైమింగ్ బెల్టు మార్చాక ఇంజిన్ మిస్సింగ్: ఇంజెక్టర్ కొనాలా?

ప్రశ్న: మా నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు బాగానే నడుస్తున్నా, గడువు దాటిందని గత నెలలో టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్పించాను. షెడ్డు నుంచి తెచ్చిన రోజు నుంచే ఐడిలింగ్‌లో ఇంజిన్ వణుకుతోంది, పికప్ లేదు, పైభాగంలో టకటకమని చప్పుడు వస్తోంది. మెకానిక్ ప్లగ్గులు, ఒక ఇగ్నిషన్ కాయిల్ మార్చి, ఇప్పుడు ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగం) పోయిందంటున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే కొనకండి. బాగున్న బండి బెల్టు పని తర్వాతే చెడిందంటే, ముందుగా అనుమానించవలసింది ఆ పనినే. ఇంజెక్టర్ సరిగ్గా అదే రోజున పాడవడం అసాధ్యం కాదు గానీ, దాని వల్ల పైనుంచి టకటక చప్పుడు రావడం అరుదు.

పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి, గాలి లోపలికి, పొగ బయటికి వెళ్లే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్కను నిలబెట్టేది బెల్టే. చాలా ఇంజిన్లలో పిస్టన్, వాల్వు ఒకే చోటును వంతులవారీగా వాడుకుంటాయి కనుక, ఈ రెండింటి పుల్లీలపై ఉండే టైమింగ్ గుర్తులు కలపకుండా బెల్టు బిగించి స్టార్టర్ తిప్పితే పిస్టన్ వెళ్లి వాల్వును తాకి, దాని కాడను వంచుతుంది. వంగిన వాల్వు పూర్తిగా మూసుకోదు. వాల్వును నొక్కే మీట అయిన రాకర్‌కు, వాల్వుకు మధ్య సందు పెరిగి చప్పుడు వస్తుంది.

ముందుగా బెల్టు కవరు తీయించి గుర్తులు చూడమనండి. తర్వాత వేడి ఇంజిన్‌పై, ప్లగ్గులన్నీ విప్పి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే గాలి ఒత్తిడి) కొలిపించండి. అన్ని సిలిండర్లలోనూ సమానంగా తగ్గితే బెల్టు పన్ను తప్పిందని అనుమానించాలి. మూడింటిలో 170 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా చూపి, ఒక్కదానిలో 60 దగ్గర ఆగిపోతే వాల్వు వంగిందనే అనుమానం బలపడుతుంది.

అంతటితో హెడ్డు (సిలిండర్లపై వాల్వులుండే మూత) విప్పనివ్వకండి. ఆ సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెసర్ గాలి ఎక్కించి చెవి పెట్టి వినాలి. బుస్సుమనే చప్పుడు థ్రాటిల్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు లీకవుతున్నట్టు. ఆయిల్ మూత దగ్గర గట్టిగా వస్తే పిస్టన్ రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. పావుగంట పట్టే ఈ పరీక్షను వదిలేసి భాగాలు మార్చుకుంటూ పోవడం మన షెడ్లలో మామూలైపోయింది.

వాల్వే అని తేలితే హెడ్డు దింపి, వంగినవాటిని మార్చి, అవి ఆనే సీట్లకు ల్యాపింగ్ (సందు లేకుండా కూర్చునేలా అరగదీయడం) చేసి, కొత్త గాస్కెట్ వేయాలి. బెల్టు ఎక్కించాక స్టార్టర్ ముట్టుకోకుండా, పుల్లీ బోల్టుకు స్పానర్ తగిలించి క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పించండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపాలి.

ఖర్చు ఎవరిదన్న మాట తప్పక వస్తుంది. హెడ్డు విప్పకముందే కంప్రెషన్ అంకెలను బిల్లుపై రాయించుకోండి, తీసిన వాల్వులను మీ దగ్గరే ఉంచుకోండి.