అయానిక్ లిక్విడ్ ‘గ్రీన్ సాల్వెంట్’ కదా, గ్లౌజులు లేకుండా వాడొచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో బీమిమ్ పీఎఫ్6 అనే అయానిక్ లిక్విడ్ (గది వేడిలోనే ద్రవంగా ఉండే లవణం) వాడుతున్నాను. అది ఆవిరి కాదు, మండదు, గ్రీన్ సాల్వెంట్ (పర్యావరణానికి హాని చేయని ద్రావకం), భయం అక్కర్లేదని ల్యాబ్‌లో అందరూ అంటున్నారు. నిన్న రెండు చుక్కలు చేతి మీద పడితే టిష్యూతో తుడిచేశాను. గ్లౌజులు, ఫ్యూమ్ హుడ్ (పొగల్ని బయటికి లాగేసే అర) నిజంగా అవసరమా? మా దగ్గరున్నది సీనియర్లు వదిలివెళ్లిన పాత బాటిల్.

జవాబు:

ముందు మీ చెయ్యి సంగతి. టిష్యూతో తుడిస్తే అది పోదు, చర్మం మీద పల్చగా పరుచుకుంటుంది. ఇది చదువుతూనే లేచి వెళ్లి సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద బాగా కడుక్కోండి. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో కూడా. ఎర్రదనం లేకపోయినా సరే, లోపల ఎముక దగ్గర సలుపుతున్నట్టు నొప్పి ఉంటే మాత్రం మిగతా జవాబు తర్వాత చదవండి. ఎస్‌డీఎస్ (ఆ రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే సేఫ్టీ డేటా షీట్) కాగితం పట్టుకుని ఇప్పుడే హాస్పిటల్‌కి వెళ్లండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో నా అనుభవం వింటే తెలుస్తుంది.

నేను పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నప్పుడు ఇదే బీమిమ్ పీఎఫ్6ని రియాక్షన్‌లో సాల్వెంట్‌గా వాడేవాడిని. ఖరీదైనది కాబట్టి ఒకసారి వాడినదాన్ని నీళ్లతో కడిగి, వేడిచేసి ఆరబెట్టి, మళ్లీ వాడుకునేవాళ్లం. నాలుగైదుసార్లు అలా తిప్పిన బ్యాచ్ ఒకటి నా దగ్గర ఉండేది. దాంట్లో నీళ్లు పూర్తిగా పోలేదు. ముందు రియాక్షన్‌లో వేసిన యాసిడ్ క్యాటలిస్టు కూడా కొంచెం మిగిలే ఉంది. పీహెచ్ పేపర్‌తో చూసుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆర్‌బీ ఫ్లాస్కులో (గుండ్రటి అడుగున్న గాజు ఫ్లాస్కు) పోసి, ఆయిల్ బాత్ వంద డిగ్రీలకు పెట్టి, రాత్రంతా వదిలేసి హాస్టల్‌కి వెళ్లిపోయాను.

పొద్దున్నే వచ్చి చూస్తే ఫ్లాస్కు లోపలి గోడ మసకబారి ఉంది. చలికాలంలో బస్సు అద్దానికి ఊపిరి తగిలినట్టు, ద్రవం ఉన్నంత మేరా తెల్లగా ఉంది, పైన మెడ దగ్గర మాత్రం గాజు మామూలుగానే మెరుస్తోంది. ఏదో ఉప్పు అంటుకుందనుకున్నాను. ద్రవాన్ని వేరే సీసాలోకి వంచేసి, ఫ్లాస్కులో నీళ్లు పోసి, వేళ్లు లోపలికి పెట్టి రుద్దాను. ఎంత రుద్దినా ఆ తెలుపు పోలేదు. గోరుతో గీకితే గరుకుగా తగిలింది, సన్నటి ఉప్పుకాగితంలా. అది మురికి కాదు. గాజే తినేసి ఉంది. అప్పుడు చేతికి గ్లౌజు లేదు.

పగలంతా ఏమీ తెలియలేదు. రాత్రి తొమ్మిది దాటాక కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు సలపడం మొదలైంది. పదకొండింటికి నిద్రపట్టనంత నొప్పి. పైకి చూస్తే బొబ్బ లేదు, వాపు లేదు, గోటి కింద కొంచెం పాలిపోయినట్టు ఉంది, అంతే. పక్క రూములో ఉండే సీనియర్ అన్న నా చెయ్యి చూసి, “ఇవాళ ఏం కడిగావురా?” అని అడిగాడు. ఫ్లాస్కు మసకబారిన సంగతి చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. ల్యాబ్ తాళం తీయించి, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి క్యాల్షియం గ్లూకోనేట్ జెల్ తెచ్చి వేళ్లకు దట్టంగా పట్టించి, నన్ను క్యాజువాలిటీకి తీసుకెళ్లాడు. అక్కడ డ్యూటీ డాక్టరుగారు మొదట మామూలు నొప్పి బిళ్ల రాయబోయారు. ఆయన తప్పు కాదు, కనబడే గాయం ఏదీ లేదు మరి. అన్న ఎస్‌డీఎస్ చూపించి “ఇది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కేసు సార్” అన్నాక ఈసీజీ తీశారు, రక్తంలో క్యాల్షియం చూశారు, జెల్ మళ్లీ మళ్లీ రాయించారు. తెల్లవారేసరికి నొప్పి తగ్గింది. వేళ్లు దక్కాయి. ఆ అన్న ఆ రాత్రి ఊళ్లో లేకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోవాలంటే గుండె ఝల్లుమంటుంది.

ఏం జరిగిందంటే, పీఎఫ్6 అంటే ఒక ఫాస్ఫరస్ చుట్టూ ఆరు ఫ్లోరిన్లు. పొడిగా, గది వేడిలో ఉన్నంతవరకు అది చాలావరకు కుదురుగానే ఉంటుంది. నీరు, వేడి, దానికి తోడు యాసిడ్ కలిస్తే ఆ ఫ్లోరిన్లు ఊడి హైడ్రోజన్ ఫ్లోరైడ్, అంటే హెచ్‌ఎఫ్ తయారవుతుంది. గాజును తినే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అదే. 2003లో అమెరికాలోని అలబామా యూనివర్సిటీలో రాబిన్ రోజర్స్ బృందం సరిగ్గా ఈ బీమిమ్ పీఎఫ్6 మీదే దీన్ని ప్రచురించి, అయానిక్ లిక్విడ్లన్నీ గ్రీన్ కావని హెచ్చరించింది. నా ఫ్లాస్కు మసకబారడానికి చాలా ఏళ్ల ముందే ఆ పేపర్ లైబ్రరీలో ఉంది. నేను చదవలేదు. మా ల్యాబ్‌లోనూ ఎవరూ చెప్పలేదు.

హెచ్‌ఎఫ్ మిగతా ఆమ్లాల్లాంటిది కాదు. సల్ఫ్యూరిక్ పడితే వెంటనే మండుతుంది, చెయ్యి లాగేసుకుంటాం. పలుచని హెచ్‌ఎఫ్ అయితే చప్పుడు లేకుండా చర్మం లోపలికి దిగిపోతుంది, అక్కడ ఫ్లోరైడ్ మన ఒంట్లోని క్యాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఇరవై శాతం కన్నా పలుచనిదైతే నొప్పి తెలియడానికి ఇరవై నాలుగు గంటలు కూడా పట్టొచ్చు. ఎక్కువ మోతాదులో లోపలికి పోతే రక్తంలో క్యాల్షియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. అందుకే ఈసీజీ తీస్తారు. జెల్ పనేమిటంటే, బయటి నుంచి క్యాల్షియం ఇచ్చి ఆ ఫ్లోరైడ్‌ని కదలకుండా కట్టేయడం. నొప్పి తగ్గుతోందంటే మందు పనిచేస్తోందని గుర్తు, అందుకే మొదట్లోనే ఆ చోట మత్తు ఇచ్చేస్తే ఆ గుర్తు కాస్తా పోతుంది.

ఇక “ఆవిరి కాదు” అనే మాట. అయానిక్ లిక్విడ్ అంటే వంద డిగ్రీల లోపే కరిగే లవణం. మన వంటింటి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి, ఇది గదిలోనే నూనెలా ఉంటుంది. అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి మామూలు వేడికి దాదాపు ఆవిరి కాదు, నిజమే. ఈథర్, డైక్లోరోమీథేన్‌లా ముక్కుకి ఎక్కదు, అది మంచి గుణమే. అయితే అదే గుణానికి ఇంకో వైపు ఉంది. అసిటోన్ చుక్క బల్ల మీద పడితే నిమిషంలో ఎగిరిపోతుంది. ఇది పడితే వారమైనా అక్కడే ఉంటుంది. గ్లౌజు వేలికి అంటింది డోర్ హ్యాండిల్‌కి, అక్కడి నుంచి మీ ఫోన్‌కి, అక్కడి నుంచి చెంపకి. పీల్చడం వల్ల వచ్చే ముప్పు తగ్గింది, తాకడం వల్ల వచ్చే ముప్పు పెరిగింది. నేల మీద ఒలికితే కాలు జారుతుంది కూడా.

అసలు ఆవిరి కాదన్నది కూడా పూర్తి నిజం కాదు. కొన్ని అయానిక్ లిక్విడ్లను గట్టి వాక్యూమ్‌లో వేడిచేసి డిస్టిల్ చేసినట్టు 2006లో నేచర్ పత్రికలో వచ్చింది. మండదన్నదీ అంతే. బాగా వేడెక్కితే విడిపోయి వచ్చే వాయువులు మండుతాయి, నైట్రేట్, డైసయనమైడ్ లాంటి ఆనయాన్లు (లవణంలోని రుణావేశ అయాన్లు) ఉన్నవాటితో ఇంకా జాగ్రత్త.

అందుకే “అయానిక్ లిక్విడ్ ప్రమాదమా?” అనే ప్రశ్నకి ఒకే జవాబు లేదు. ఆనయాన్ ఏమిటో చెబితేనే జవాబు చెప్పగలం. పీఎఫ్6, బీఎఫ్4 (బోరాన్ చుట్టూ నాలుగు ఫ్లోరిన్లు) అయితే నీరు, వేడి చూసుకోవాలి. క్లోరైడ్‌లో అల్యూమినియం క్లోరైడ్ కలిపినవైతే నీటిచుక్క తగిలినా బుస్సుమని హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు వస్తాయి. బీమిమ్ క్లోరైడ్ గాలిలో తేమ పీల్చుకుని జావగా అవుతుంది, మింగితే విషం. కాటయాన్‌లో (లవణంలోని ధనావేశ అయాన్, ఇక్కడ బీమిమ్) కార్బన్ గొలుసు పొడుగయ్యే కొద్దీ చేపలకీ, నీటిలోని చిన్న జీవులకీ విషం పెరుగుతుంది. బీమిమ్ లాంటి ఇమిడజోలియం లవణాలు మట్టిలో అంత తేలిగ్గా కుళ్లిపోవు. బ్రిటన్‌లో న్యూకాజిల్ దగ్గర చెత్త పూడ్చిన చోటు మట్టిలో ఆక్టైల్ (ఎనిమిది కార్బన్ల) గొలుసున్న ఇలాంటి కాటయాన్ దొరికింది, ఒక రకం కాలేయ జబ్బుకి అది కారణమేమోనన్న అనుమానంతో పరిశోధనలు జరిగాయి. అందుకని ఏ అయానిక్ లిక్విడ్‌నీ సింకులో పోయకండి. దానికి విడిగా ప్లాస్టిక్ క్యాన్ పెట్టి, పేరు పూర్తిగా రాయండి. పీఎఫ్6 ఉన్న వేస్ట్‌ని యాసిడ్ వేస్ట్‌లో కలపడం అసలే వద్దు, ఎందుకో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

గ్లౌజులు అవసరమా అంటే, అవసరం. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, తడి తగిలితే వెంటనే తీసేసి కొత్తవి వేసుకోండి. కళ్లద్దాలు సరేసరి. వేడిచేసేటప్పుడు, వాక్యూమ్ పెట్టేటప్పుడు హుడ్ లోపలే. రియాక్షన్ అయ్యాక నీళ్లతో కడిగితే, కడిగిన ఆ నీటిని ప్రతిసారీ పీహెచ్ పేపర్‌తో చూడండి, న్యూట్రల్ అయ్యేదాకా కడుగుతూనే ఉండండి. ఆ తర్వాతే ఆరబెట్టండి, అది కూడా వాక్యూమ్‌లో, తక్కువ వేడిలో. బీమిమ్ పీఎఫ్6 నీళ్లలో కలవదు, నీటికన్నా బరువు, సెపరేటరీ ఫనెల్‌లో అడుగున ఉంటుంది. మొదటిసారి వాడేవాళ్లు అలవాటు కొద్దీ కింది పొరను నీళ్లనుకుని పారబోస్తుంటారు, చూసుకోండి. బల్ల మీద ఒలికితే ముందు పీల్చుకునే పొడి చల్లి ఎత్తేసి, తర్వాత అసిటోన్ తడిపిన టిష్యూతో తుడవండి. చర్మానికి మాత్రం అసిటోన్ వద్దు, సబ్బూ నీళ్లే.

క్యాల్షియం గ్లూకోనేట్ జెల్ 2.5 శాతానిది మీ ల్యాబ్‌లో ఉందో లేదో ఇవాళే అడగండి. ఉంటే ట్యూబు మీద ఎక్స్‌పైరీ చూడండి. హెచ్‌ఎఫ్ తగిలిందన్న అనుమానం వస్తే ఐదు నిమిషాలు నీళ్లతో కడిగి, గ్లౌజు వేసుకున్న చేత్తో జెల్ రాస్తూనే హాస్పిటల్‌కి బయల్దేరాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే ఆ జెల్ వేయకూడదు, నీళ్లతో కడుగుతూ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. డాక్టర్‌తో “కెమికల్ పడింది” అని ఊరుకోకుండా “ఫ్లోరైడ్, హెచ్‌ఎఫ్” అన్న మాట నోటితో చెప్పండి. మాకు ఆ రాత్రి ఆ ఒక్క మాటే పనికొచ్చింది.

మీ గైడ్‌గారితో మాట్లాడేటప్పుడు, మీ రియాక్షన్‌లో నీరు గానీ వేడి గానీ ఉంటే పీఎఫ్6 బదులు టీఎఫ్2ఎన్ ఆనయాన్ ఉన్నది వాడొచ్చేమో అడగండి. అదీ నీళ్లలో కలవదు, నీటికి అలా విడిపోదు. ఖరీదు ఎక్కువ. బాగా మాడిపోయేంత వేడిచేస్తే దాని నుంచీ హెచ్‌ఎఫ్ రావచ్చు, మామూలు రియాక్షన్ వేడికి ఆ ఇబ్బంది ఉండదు.

చివరగా ఆ పాత బాటిల్. ముందే మూత తీయకండి. గ్లౌజులు వేసుకుని, హుడ్‌లో లైటుకి ఎదురుగా పెట్టి, ద్రవం ఉన్న మేర గాజునీ పైన ఖాళీగా ఉన్న గాజునీ పోల్చి చూడండి. లోపల మసక కనిపిస్తే, లేబుల్ మీద తెరిచిన తేదీ లేకపోతే, ఎవరో వాడి కడిగి మళ్లీ పోసిందని తెలిస్తే, దాన్ని ఇక వాడొద్దు. బాటిల్‌తో సహా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన “హెచ్‌ఎఫ్ ఉండొచ్చు” అని పెద్ద అక్షరాలతో రాసి, మీ సేఫ్టీ ఇన్‌చార్జ్‌కి అప్పగించండి. గాజు బాగున్నా సరే, హుడ్‌లోనే మూత తీసి, ఒక చుక్క నీళ్లలో కలిపి ఆ నీటిని పీహెచ్ పేపర్‌తో చూశాకే మొదటి రియాక్షన్ పెట్టండి. రేపు ఉదయం చెయ్యి ఎలా ఉందో ఇక్కడ రాయండి, చూస్తూ ఉంటాను.