అల అంటే చాలు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవికి ఆశీస్సులు.

వేట నిషేధం రోజుల్లో చేపల రేవు గురించి నువ్వు రాసిన కవిత అందింది. నలభై మూడు పంక్తులు. మూడుసార్లు చదివాను, మూడోసారి పెన్సిలు పట్టుకుని. కోపం తెచ్చుకుంటావని తెలిసే దిద్దిన ప్రతి పంపుతున్నాను.

మొదటి పంక్తి చూడు: ‘సముద్రపు అలల యొక్క నిరంతర హోరులో నేను ఒంటరిగా ఒక్కడినే నిలబడి ఉన్నాను.’ రేవులో నిలబడ్డవాడికి అల సముద్రానిది కాక ఇంకెవరిది? హోరు ఆగి ఆగి వస్తుందా, ‘నిరంతర’ అనడానికి? ‘యొక్క’ను దరఖాస్తులకు వదిలేయి. ‘ఒక్కడినే’ అనగానే ఆ ‘ని’లో నువ్వున్నావు, మళ్ళీ ‘నేను’ ఎందుకు? ఇక ఒంటరిగా, ఒక్కడినే: ఇద్దరయ్యారు, ఒంటరితనం ఎక్కడ మిగిలింది? నా పెన్సిలు కింద బతికి బయటపడింది ఇంతే: ‘అలల హోరులో ఒక్కడినే.’

పద్యం రాసేవారికి ఒక సాకు ఉండేది. ఆటవెలది బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు పడాలి, యతి కుదరాలి. కుదరకపోతే ఏ ‘భువిని’నో ‘మరి’నో తెచ్చి పూడ్చేవారు. వ్యర్థపదమని పండితులు ముక్కు చిట్లించినా గణం నిండేది. వచన కవితలో నిన్ను ఏ గణం అడిగింది? నీది వేరే భయం, చదివేవాడికి అర్థం కాదేమోనని. అందుకే పదమూడో పంక్తిలో ఎండలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న మనిషిని చూపించి, ఆ తర్వాత వరసగా ‘ఆకలి’, ‘పేదరికం’, ‘వ్యవస్థ’ అని మూడు పంక్తులు రాశావు. మూడూ కొట్టేశాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు వేటకు వెళ్ళవని తెలియనివారికి ఆ 61 రోజుల లెక్క ఒక్కటి చెప్పు. ‘పేదరికం’ కన్నా ఆ అంకె బరువు.

గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పోయి పడవల మీద పనిచేస్తున్న కొడుకు గురించి ముసలమ్మ అనే ‘వస్తాడు, వస్తాడులే, వస్తాడు’ మాత్రం ముట్టుకోకు. పొదుపు పేరుతో ఒక్క ‘వస్తాడు’ తీసినా పాడవుతుంది. ఆమె చెబుతున్నది నీకు కాదు, తనకు.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. కత్తెర పిచ్చి పట్టిన వయసులో ఒక దీర్ఘ కవితను ఏడు పంక్తులకు కుదించి, గర్వంగా మా అమ్మకు వినిపించాను. ‘బాగుంది. మీ నాన్న ఎక్కడరా ఇందులో?’ అంది. నాన్న గొడుగు మరచిపోయి వానలో తడుస్తూ వచ్చిన పంక్తిని అదనమని తీసేసింది నేనే.

ఇరవై ఏడో పంక్తి దగ్గర పైకి చదువుతుంటే నా నాలుక తడబడింది. తప్పు పంక్తిదో, నా పళ్ళదో తేలలేదు. కొట్టేయకుండా పక్కన గీత గీసి వదిలాను. పది రోజులు ఆగి, గట్టిగా చదివి, నువ్వే తేల్చుకో.

ఇట్లు,
మాస్టారు